పాత ఫొటోల అంచుల్లో దొరికిన ఎద్దు: కొలాజ్ ఎలా మొదలుపెట్టాలి?

పాతపెట్టె | శనివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. ఇక్కడి చర్చలు రెండేళ్లుగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి.

మాది అద్దంకి దగ్గర ఒక పల్లె. ఇప్పుడు హైదరాబాద్‌లో ఉంటున్నాం. ఈసారి కనుమకి ఊరెళ్లినప్పుడు పెద్దమ్మ అటక మీద నుంచి రేకుపెట్టె దించి నా చేతిలో పెట్టింది. లోపల 113 ఫొటోలు. కొన్ని నలుపు తెలుపు, కొన్ని రంగు వెలిసి ఎర్రబడినవి. తాతయ్యకి ఒంగోలు ఎడ్ల జత ఉండేది, రాముడు, భీముడు. నా ఆరో ఏట వాటిని అమ్మేశారు. ఆ రోజు తాతయ్య అన్నం తినలేదని మాత్రం గుర్తుంది.

ఫొటోలన్నీ రెండుసార్లు చూశాను. ఫొటో తీసినవాళ్లకి మనుషులు ముఖ్యం కదా, ఎడ్లు ఎప్పుడూ అంచునే ఉన్నాయి. పిన్ని పెళ్లి ఫొటోలో ఎడమ అంచున ఒక కొమ్ము. మామయ్య కొత్త సైకిల్ వెనక మూపురం. అమ్మ బడికి వెళ్తున్న ఫొటోలో తోక. మొత్తం పదకొండు ఫొటోల్లో ఎద్దు ఏదో ఒక మూల ఉంది. పూర్తిగా ఉన్నది ఒక్కటీ లేదు.

ఈ ముక్కలన్నీ అతికించి, కొలాజ్‌గా, ఒక ఎద్దుని చేయాలని ఉంది. గోడకి పెట్టేంత, మూడడుగుల వెడల్పు. బొమ్మలు వేయడం నాకు రాదు, కత్తెర పట్టుకోవడం వచ్చు. ఎక్కడ మొదలుపెట్టాలి?

కత్తెరపిట్ట | శనివారం, రాత్రి 9:50

పాతపెట్టె గారూ, ముందు కత్తెర పక్కన పెట్టండి. అసలు ఫొటోలు ఒక్కటి కూడా కత్తిరించొద్దు. పదేళ్ల క్రితం నేను మా అమ్మమ్మ ఫొటో ఒకటి కత్తిరించాను. దాని నెగెటివ్ లేదని తర్వాత తెలిసింది. ఇప్పటికీ ఆ ముక్క చూస్తే కడుపులో దేవినట్టు ఉంటుంది.

ముందు అన్నీ స్కాన్ చేయించండి. చిన్న ఫొటోలకి 600 డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలో ఆ లెక్క) తక్కువ కాకుండా. అప్పుడు 300 డీపీఐలో ప్రింటు తీస్తే రెండింతల సైజు వస్తుంది. కొమ్ము, కన్ను లాంటి చిన్న ముక్కలున్న ఫొటోలకి 1200 పెట్టించండి, నాలుగింతలు పెద్దది చేసుకోవచ్చు. ఫ్రేములో అద్దానికి అంటుకుపోయిన ఫొటోలు ఉంటే లాగకండి, పై పొర ఊడొస్తుంది. అద్దంతో సహా స్కాన్ చేయించండి.

నేను టెక్కలి దగ్గర బడిలో డ్రాయింగ్ చెప్తాను. తేలినీలాపురం పక్కనే. అక్కడ ఊళ్లో చింతచెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు పెడతాయి. పిల్లలు పుట్టినప్పటి నుంచి వాటిని చూస్తున్నవాళ్లే. అయినా మొదటి రోజు కొంగని కొలాజ్ చేయమంటే అందరూ క్యాలెండరు మీద కొంగనే చేశారు. రెండో రోజు చెట్టు కింద కూర్చోబెట్టాను. ఒక పాప ఇంటి నుంచి వాళ్ల నాన్న వల ఫొటో జిరాక్స్ తెచ్చి, గూడబాతు గొంతు సంచిని ఆ వలతో చేసింది. చేపలు పట్టే సంచి చేపలు పట్టే వలతోనే తయారైంది. మీరు వెతకాల్సింది అలాంటి ముక్కల కోసం. ఎద్దు ఫొటోల్లోనే ఎద్దు ఉండాలని లేదు.

కొత్తచిగురు | శనివారం, రాత్రి 10:05

అక్కా, ఇప్పుడు యాప్‌లో "ఒంగోలు ఎద్దు, కొలాజ్ స్టైల్" అని టైపు చేస్తే నిమిషంలో వచ్చేస్తుంది కదా. ప్రింటు తీసి ఫ్రేము కట్టించుకోవచ్చు. ఇంత కష్టం ఎందుకు?

పాతపెట్టె | శనివారం, రాత్రి 10:31

తమ్ముడూ, నిన్ను తప్పుపట్టను, నేనూ ప్రయత్నించి చూశాను. అందమైన ఎద్దే వచ్చింది. కానీ అది ఎవరి ఎద్దో నాకు తెలియదు. నాకు కావాల్సింది మా కొట్టంలో నిలబడిన ఎద్దు. దాని వాసన నాకు ఇంకా గుర్తుంది, చొప్ప, కుడితి, తడి నేల కలిసిన వాసన.

కత్తెరపిట్ట గారూ, గూడబాతు గొంతు వల మాట చదివాక నిద్ర పట్టేలా లేదు. రేపే స్కానింగ్‌కి ఇస్తాను.

పల్లెడాక్టరు | ఆదివారం, ఉదయం 6:20

అమ్మా, నేను పశువుల డాక్టరుగా ఉద్యోగం చేసి రిటైరయ్యాను. ప్రకాశం జిల్లాలోనే పదహారేళ్లు చేశాను. కళ గురించి నాకు తెలియదు గానీ, ఒంగోలు జాతి గురించి నాలుగు మాటలు చెప్తాను. కొలాజ్ ఏదైనా, ఎద్దు మాత్రం ఎద్దులా నిలబడాలి కదా.

కొమ్ములు పొట్టివి. మొదట్లో లావుగా ఉండి పక్కకీ, వెనక్కీ పోతాయి. సినిమా పోస్టర్లలో వేసే పొడవాటి వంపు కొమ్ములు మన జాతివి కావు. మూపురం నిటారుగా, నిండుగా ఉంటుంది. గంగడోలు మెడ కింద మొదలై మడతలు మడతలుగా బొడ్డు దాకా వేలాడుతుంది. ఈ జాతికి అందం తెచ్చేది ఆ మడతలే, వాటిని సన్నగా కత్తిరించి పాడుచేయొద్దు. కంటి చుట్టూ నల్లటి చర్మం కాటుక పెట్టినట్టు వలయంగా ఉంటుంది. మూతి నలుపు, తోక కుచ్చు నలుపు. ఒళ్లు తెలుపే అయినా మగవాటికి తల, మెడ, మూపురం మీద బూడిదరంగు నీడ ఉంటుంది. మోకాళ్ల దగ్గర నల్ల మచ్చలు కూడా చూస్తాం.

ఇక కాళ్లు. బొమ్మలు వేసేవాళ్లు ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే. వెనక కాలు మధ్యలో వెనక్కి పొడుచుకొచ్చిన కీలు మోకాలు కాదు. అది మన మడమ లాంటిది. అసలు మోకాలు పైన, పొట్ట పక్కన ఉంటుంది. ముందు కాలు మధ్యలో వంగేది మన మణికట్టు లాంటిది. ఇది తెలిస్తే కాళ్లు సరిగ్గా మడుస్తారు. నడిచే ఎద్దుని చేయాలనుకుంటే వెనక ఎడమ కాలు, తర్వాత ముందు ఎడమ, తర్వాత వెనక కుడి, చివరికి ముందు కుడి, ఈ వరసలో అడుగులు పడతాయి. బరువు లాగేటప్పుడు తల కిందికి దిగి మెడ, వీపు దాదాపు ఒకే గీతలోకి వస్తాయి. కాడి మూపురానికి ముందు ఆనుతుంది, పైన కాదు.

మరో సంగతి. మన ఎడ్లు బ్రెజిల్ దాకా వెళ్లాయి. అక్కడ ఈ జాతిని నెలోరె అంటారు, మన నెల్లూరు పేరే. మీ తాతగారి జత మాత్రం అద్దంకి సంతలో ఎవరింటికో వెళ్లి ఉంటుంది. మీ ఎడ్లకి ఏవైనా ప్రత్యేకమైన గుర్తులు ఉన్నాయా? అమ్మగారిని అడగండి.

ఫైనార్ట్స్_రెండో_ఏడాది | ఆదివారం, ఉదయం 11:40

డాక్టరు గారూ, మా క్లాసులో మోడల్ స్టడీ చేసేటప్పుడు ఇలా ఎవరూ చెప్పలేదు. ఈ పోస్టు ప్రింటు తీసి పెట్టుకుంటున్నాను.

పాతపెట్టె గారికి: అతికించడం అనే ఫ్రెంచి మాట నుంచి కొలాజ్ అన్న పేరు వచ్చింది. 1912లో చిత్రకారులు పికాసో, బ్రాక్ తమ బొమ్మల్లో అచ్చు కాగితాలు అతికించాక అది పెద్ద కళగా లెక్కలోకి వచ్చింది. కానీ మీకు పనికొచ్చేది వాళ్లకన్నా ఫ్రెంచి చిత్రకారుడు మతీస్ అనుకుంటున్నాను. 1941లో పెద్ద ఆపరేషన్ అయ్యాక ఆయన ఎక్కువగా మంచం మీద, చక్రాల కుర్చీలో ఉండి పనిచేశారు. సహాయకులు కాగితాలకి రంగు పూసిస్తే ఆయన కత్తెరతో నేరుగా ఆకారాలు కత్తిరించేవారు. ముందు పెన్సిల్ గీత లేదు. 1953లో చేసిన 'నత్త' దాదాపు మూడు మీటర్ల కొలాజ్. దగ్గర్నుంచి చూస్తే నత్త కనిపించదు, రంగుకాగితాల చదరాలు సుడి తిరిగి ఉంటాయి. జంతువు రూపం కన్నా దాని కదలికే ముందు తెలుస్తుంది.

బొమ్మ వేయడం రాదన్నారు కదా. శాంతినికేతన్‌లో చిత్రకారుడు వినోద్ బిహారీ ముఖర్జీ 1950ల్లో కంటి ఆపరేషన్ తర్వాత చూపు పూర్తిగా పోయాక కాగితాలు కత్తిరించి కొలాజ్‌లు చేశారు. వేళ్లతో తడిమి అమర్చారు. కాబట్టి బొమ్మ రాదన్నది మీకు అడ్డు కాదు.

ఇంకొకటి మన దగ్గర్నుంచే. పోయిన వేసవిలో ధర్మవరం దగ్గర నిమ్మలకుంట వెళ్లి తోలుబొమ్మలు చేసేవాళ్ల దగ్గర వారం రోజులు కూర్చున్నాను. బొమ్మ ఒకే ముక్క కాదు. తల, చేతులు, కాళ్లు విడిగా కత్తిరించి కీళ్ల దగ్గర దారంతో కడతారు. మీ ఎద్దునీ అలాగే విడివిడిగా కత్తిరించండి. తల, మెడ, మూపురంతో ఒళ్లు, నాలుగు కాళ్లు, తోక. ముందు మామూలు కాగితంతో చేసి, అతికించకుండా, అట్ట మీద పెట్టి కదుపుతూ చూడండి. తల కొంచెం వంచగానే ఎద్దు మనసు మారిపోతుంది. అది మీకే తెలుస్తుంది.

దూరదేశం | ఆదివారం, మధ్యాహ్నం 12:15

డల్లాస్ నుంచి చదువుతున్నాను. మా అమ్మ కాకినాడలో మా కుక్క ఫొటోలు పంపుతూ ఉంటుంది. నాకూ ఇలాంటిదే చేయాలని ఉంది. కానీ వాట్సాప్‌లో వచ్చిన ఫొటో పెద్దది చేస్తే మసకైపోతోంది. ఏం చేయాలి?

మూడోకన్ను | ఆదివారం, మధ్యాహ్నం 1:02

దూరదేశం గారూ, ఫొటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపమనండి. వాట్సాప్ ఫొటోని కుదించకుండా ఉన్నది ఉన్నట్టు వస్తుంది. అమ్మగారికి కష్టమైతే ఊళ్లో ఎవరైనా పిల్లాడు ఒకసారి చూపిస్తే చాలు.

ఇక్కడ హక్కుల మాట కూడా చెప్పాలి, నేను ఫొటోగ్రాఫర్‌ని కాబట్టి. ఇంటర్నెట్‌లో దొరికిన ఎద్దు ఫొటో కత్తిరించి కలిపేస్తే అది "కొత్త బొమ్మ" అయిపోదు. మన కాపీరైట్ చట్టం 1957 ప్రకారం ఫొటోకి కర్త దాన్ని తీసిన మనిషి. హక్కు ఆ మనిషి బతికున్నంత కాలం, పోయాక మరో 60 ఏళ్లు ఉంటుంది. కానీ డబ్బిచ్చి తీయించుకున్న ఫొటో అయితే, వేరే ఒప్పందం లేనప్పుడు, హక్కు తీయించుకున్నవాళ్లది. అంటే పెళ్లికి డబ్బిచ్చి స్టూడియో ఆయన్ని పిలిపించుకుంటే ఆ ఫొటోలు కుటుంబానివే. పాతపెట్టె గారికి ఆ విషయంలో టెన్షన్ అక్కర్లేదు.

ఇంకా ఏదైనా జంతువు ఆకారం కావాలంటే అందరూ వాడుకోవడానికి వదిలేసినవి ఉన్నాయి. న్యూయార్క్ మెట్ మ్యూజియం 2017లో, అమెరికాలోనే స్మిత్సోనియన్ మ్యూజియాలు 2020లో లక్షల బొమ్మల్ని అలా తెరిచాయి. వికీమీడియా కామన్స్ అనే ఉచిత ఫొటోల సైట్‌లో ప్రతి ఫొటో కింద షరతు రాసి ఉంటుంది, చదివి వాడండి. అయినా నా మాట వినండి. కెమెరా లేదా ఫోను పట్టుకుని ఒక సాయంత్రం పశువుల దగ్గరికి వెళ్లండి. నేల మీద కూర్చుని, దాని కంటి ఎత్తులో తీయండి. నిలబడి తీస్తే వీపే పెద్దగా, కాళ్లు పొట్టిగా వస్తాయి.

పాతపెట్టె | బుధవారం, రాత్రి 8:45

స్కాన్లు వచ్చాయి. అమ్మ పక్కన కూర్చుని కంప్యూటర్‌లో ఒక్కొక్కటీ పెద్దది చేసి చూశాం.

డాక్టరు గారూ, మీరు గుర్తులు అడిగారు కదా. పిన్ని పెళ్లి ఫొటోలో ఉన్న కొమ్ము కొస విరిగి ఉంది. అది చూడగానే అమ్మ "ఇది భీముడు" అంది. కొట్టంలో స్తంభానికి కొమ్ము రుద్దుకునేవాడట, ఒక రాత్రి ఉరుములకి బెదిరి లాగితే కొస పోయిందట. తాతయ్య పసుపు పెట్టి గుడ్డ కట్టారట. ఇంతకాలం ఈ సంగతి ఇంట్లో ఎవరూ అనలేదు. అమ్మ చెప్తుంటే నేను రాసుకున్నాను.

అయితే ఒక చిక్కు వచ్చింది. ఎద్దు ఒంటి మీద తాతయ్య ముఖం, అమ్మమ్మ ముఖం వచ్చేలా అమర్చాలనుకున్నాను. అమ్మ ఒప్పుకోలేదు. "మా నాన్న ముఖం కోసి పశువు పొట్ట మీద అతికిస్తావా?" అని గట్టిగా అడిగింది. కళ్లల్లో నీళ్లు కూడా తిరిగాయి. నాకేం చెప్పాలో తోచలేదు.

ఇంకోటి, మొదటి ప్రయత్నం పాడైంది. దగ్గర్లో ఒక షాపులో మెరిసే ఫొటో పేపరు మీద ప్రింట్లు తీయించాను. జిగురు పట్టలేదు, ఆరాక అంచులన్నీ లేచిపోయాయి. మామూలు కాగితం మీద తీయించినవేమో తడికి రంగు కారిపోయి, అట్ట కూడా పడవలా వంగింది.

కత్తెరపిట్ట | బుధవారం, రాత్రి 9:30

ముందు అమ్మగారి మాట. ఆవిడ అన్నది సరైనదే అని నా నమ్మకం. పోయినవాళ్ల ముఖం మనకి దేవుడి గదిలో పటంతో సమానం. దాన్ని ముక్కగా వాడటం కళకి అవసరం లేదు కూడా. ముఖం పెడితే చూసేవాళ్ల కళ్లు అక్కడే ఆగిపోతాయి, ఎద్దు కనిపించదు. మీ తాతగారి పంచె ఉంది, తువ్వాలు ఉంది, చేతులు ఉన్నాయి. ఎద్దుని రోజూ తాకింది ఆ చేతులే కదా. వాటి కోసం వెతకండి.

తెల్ల ఎద్దుకి తెలుపు ఎక్కడి నుంచి తేవాలో ఆలోచించారా? తెలుపు ఒక్కటి కాదు. నీలం పెట్టిన పంచె తెలుపు వేరు, సున్నం కొట్టిన గోడ వేరు, పత్తి కుప్ప వేరు, నలుపు తెలుపు ఫొటోలో ఎండకి వెలిగిపోయిన ఆకాశం వేరు. పాత ఫొటోల చుట్టూ ఉండే పసుపెక్కిన తెల్ల అంచు వేరు. పళ్ల కత్తెరతో కోసినట్టు వంకీలుగా ఉన్న అంచులుంటే వాటినీ స్కాన్ చేసి వాడండి, గంగడోలు మడతలకి అంతకన్నా మంచిది దొరకదు. వెలుగు పడే చోట నీలి తెలుపు, పొట్ట కిందికి పసుపు తెలుపు పెడితే గుండ్రదనం వస్తుంది. ఏది లేతో ఏది ముదురో అర్థం కాకపోతే ముక్కలన్నీ పరిచి ఫోన్‌లో నలుపు తెలుపు ఫొటో తీయండి. తేడా వెంటనే తెలుస్తుంది.

తెల్ల ఎద్దు నిలబడటానికి వెనక ముదురు రంగు ఉండాలి. పద్దెనిమిదో శతాబ్దంలో ఇంగ్లండులో మేరీ డెలానీ అనే ఆవిడ 72వ ఏట కాగితపు పూలు మొదలుపెట్టారు. వందల చిన్న ముక్కలతో ఒక్కో పువ్వు, వెనక నల్లటి కాగితం. దాదాపు వెయ్యి చేశారు, బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. నలుపు మీద లేత రేకులు బతికినట్టు కనిపిస్తాయి. మీరు పూర్తి నలుపు కాకుండా పాత ఫొటోల్లో చీకటి మూలల్ని, కొట్టం లోపలి నీడని పెద్దది చేసి పరిచి చూడండి.

ఇక జిగురు. మెరిసే ఫొటో పేపరుకి పైన ప్లాస్టిక్ పొర ఉంటుంది, తెల్ల జిగురు దాన్ని పట్టుకోదు. మెరుపు లేని మ్యాట్ కాగితం మీద లేజర్ ప్రింటు తీయించండి, తడికి చెదరదు. ప్రింటు రాగానే ఒక మూల తడి వేలితో రుద్ది చూడండి, రంగు వేలికి అంటితే ఆ ప్రింటు పనికిరాదు. జిగురు పలచగా పూయండి, మధ్య నుంచి అంచులకి పాత ఏటీఎం కార్డుతో ఒత్తుతూ వెళ్లండి. పైన బటర్ పేపర్ వేసి బరువైన పుస్తకాలు పెట్టి రాత్రంతా వదిలేయండి. అట్ట వంగడానికి కారణం ఒకవైపే తడి తగలడం. వెనక వైపు కూడా అదే జిగురుతో ఒక కాగితం అతికిస్తే రెండు వైపులా లాగుడు సమానమై చదునుగా ఉంటుంది.

కత్తిరించడం ఒక్కటే దారి కాదు, చింపండి కూడా. కావాల్సిన ముక్కని ఒక చేత్తో కదలకుండా పట్టుకుని, మిగతా కాగితాన్ని మన వైపు లాగి చింపితే ఆ ముక్కకి తెల్ల పీచు అంచు వస్తుంది. అది ఎద్దు వెంట్రుకల్లా ఉంటుంది. అటువైపు చింపితే ఆ తెల్ల అంచు రాదు. కొమ్ము, గిట్ట, కంటి చుట్టూ మాత్రం కట్టర్‌తో పదునుగా కోయండి.

ఫ్రేముల_బాబాయ్ | గురువారం, ఉదయం 10:10

ముప్పై ఏళ్లుగా ఫ్రేములు కడుతున్నాను. మైదా జిగురు వాడొద్దమ్మా. గోడ పోస్టర్లకి తుత్తం కలిపి వాడతారు గానీ ఇంట్లో పటానికి పనికిరాదు. పిండి వాసనకి పుస్తకాల్లో పాకే వెండిరంగు పురుగులు వచ్చి కాగితం తినేస్తాయి. వార్తాపత్రిక ముక్కలు వాడితే కొన్నేళ్లకి పచ్చబడి పెళుసైపోతాయి, కావాలంటే వాటిని కూడా జిరాక్స్ తీసి వాడుకోండి.

అతికించడం అయ్యాక మూడు రోజులు గాలికి ఆరనివ్వండి. తడి ఉండగానే అద్దం వేస్తే లోపల బూజు పడుతుంది. వానాకాలంలో మరీ. అద్దం కాగితానికి తగలకుండా మధ్యలో మౌంటు, అంటే చుట్టూ అట్ట చట్రం, పెట్టించండి. ఎండ నేరుగా పడే గోడ వద్దు.

కొత్తచిగురు | గురువారం, మధ్యాహ్నం 3:25

నేను మొదట్లో యాప్ అన్నాను కదా అక్కా. విరిగిన కొమ్ము సంగతి చదివాక ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. మా నాయనమ్మకి నెమళ్లంటే ఇష్టం. ఆవిడ పట్టుచీరల ఫొటోలతో నెమలి చేద్దామనుకుంటున్నాను. నిజమైన నెమలీకలు కూడా అతికించవచ్చా? వేరే పక్షుల ఈకలు?

పల్లెడాక్టరు | గురువారం, సాయంత్రం 5:50

నెమలి తనంతట తాను రాల్చిన పింఛం ఈకలు మన దేశంలో ఉంచుకోవచ్చు. విదేశాలకి పంపడం నిషేధం, కాబట్టి అమ్మకానికి బయటికి పంపే బొమ్మలో పెట్టొద్దు. వేరే అడవి పక్షుల ఈకల జోలికి వెళ్లకు నాన్నా, వన్యప్రాణి చట్టం 1972 ఉంది. అయినా నీకు ఈకలెందుకు? మీ నాయనమ్మ పట్టుచీర జరీ అంచు దగ్గర్నుంచి ఫొటో తీస్తే, నెమలి మెడ మీద వెలుగు మారే తీరు అందులోనే ఉంటుంది.

దూరదేశం | గురువారం, సాయంత్రం 6:40

అమ్మ డాక్యుమెంటుగా పంపింది. కుక్క కంట్లో మా ఇంటి గుమ్మం, గుమ్మంలో నిలబడి ఫొటో తీస్తున్న అమ్మ నీడ కనిపిస్తున్నాయి. ఆ కన్ను మధ్యలో పెట్టి చుట్టూ మొదలుపెడతాను.

పాతపెట్టె | వచ్చే వారం ఆదివారం, మధ్యాహ్నం 2:30

ఎనిమిది రోజులు పట్టింది. ఏమేం ఎక్కడి నుంచి వచ్చాయో రాస్తాను, మీ అందరి చెయ్యి ఇందులో ఉంది కాబట్టి.

అట్ట మీద ముందు కొట్టం చీకటిని పరిచాను. ఒళ్లంతా తాతయ్య పంచె. ఆయన నిలబడిన ఫొటోలు నాలుగు ఉన్నాయి, నాలుగింటిలో పంచె మడతలు వేరువేరుగా పడ్డాయి, అవే పక్కటెముకలయ్యాయి. వీపు మీద వెలుగుకి వంటింటి సున్నం గోడ. మూపురం మీద బూడిదరంగు నీడ ఎంత వెతికినా దొరకలేదు, చివరికి మామయ్య అక్షరాభ్యాసం ఫొటోలో పలక కనిపించింది. గంగడోలుకి పాత ఫొటోల వంకీ అంచులు, పదిహేడు వరసలు, ఒకదాని కింద ఒకటి. డాక్టరు గారు చెప్పినట్టు బొడ్డు దాకా. కంటి చుట్టూ కాటుక వలయం అమ్మమ్మ గొడుగు నుంచి. తోక కుచ్చు అమ్మ రెండో తరగతి ఫొటోలో జడ. అమ్మే ఆ ముక్క ఎంచి ఇచ్చింది.

కాళ్ల దగ్గర చాలాసేపు ఆగిపోయాను. మొదట వెనక కాలు తప్పుగా మడిచాను, తోలుబొమ్మ పద్ధతిలో విడిగా ఉంది కాబట్టి సరిచేసుకోగలిగాను. నిలబడి ఉన్న ఎద్దునే చేశాను, తల కొంచెం కిందికి వంచి. రెండు వేళ్లంత పైకి లేపితే సంతలో నిలబెట్టిన ఎద్దులా ఉంది. కిందికి దించగానే మా గుమ్మం ముందు తాతయ్య కోసం ఎదురుచూస్తున్నట్టు అయింది.

కొమ్ము మాత్రం నిజంగా ఎద్దుదే. విరిగిన కొస ఉన్నది పిన్ని పెళ్లి ఫొటో నుంచి, రెండోది ఎక్కడా లేదు. అదే కొమ్ముని తిప్పి ప్రింటు తీసి కొస పూర్తి చేద్దామనుకుని ఆగిపోయాను. భీముడి రెండో కొమ్ము ఎలా ఉండేదో నాకు తెలియదు. అందుకని ఆ చోట కొట్టం చీకట్లోకి పోయినట్టు వదిలేశాను.

చెయ్యి దొరికింది. పెద్దనాన్నకి ఎవరో దండ వేస్తున్న ఫొటోలో పక్కన నిలబడినవాళ్లలో తాతయ్య చెయ్యి ఒక్కటే వచ్చింది, మణికట్టు దాకా. చూపుడు వేలికి రాగి ఉంగరం. 1200లో స్కాన్ చేయించాను కాబట్టి వేలి గీతలు కూడా కనిపిస్తున్నాయి. ముకుతాడు పట్టుకున్నట్టు అంచున పెట్టాను. ఫొటోల్లో ఎద్దు ఎప్పుడూ అంచున ఉండేది, ఇందులో తాతయ్య అంచున ఉన్నారు. అమ్మ చాలాసేపు చూసి "ఇలా అయితే సరే" అంది.

నిన్న రాత్రి పెద్దమ్మకి వీడియో కాల్‌లో చూపించాను. ఏమీ చెప్పకుండా ఫోను బొమ్మ వైపు తిప్పాను. "భీముడు!" అంది. ఆ వెంటనే, "మరి రాముడేడీ? ఒక్కదాన్నే కట్టేశావేంటే?" అని అడిగింది.

రాముడివి మూడు ముక్కలే ఉన్నాయి. ఒక చెవి, వీపు కొంత, కాడి కింద మెడ.

కత్తెరపిట్ట | ఆదివారం, మధ్యాహ్నం 3:05

ఆ రెండో కొమ్ము చీకట్లో వదిలేయడం చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. సోమవారం మా పిల్లలకి మీ పోస్టు చదివి వినిపిస్తాను. రాముడి చెవి ఫొటో ఒకసారి ఇక్కడ పెట్టండి, అందరం చూద్దాం.

పల్లెడాక్టరు | ఆదివారం, సాయంత్రం 4:15

అమ్మా, అద్దంకి చుట్టుపక్కల పల్లెల్లో పశువైద్య శిబిరాలు పెట్టినప్పుడు తీయించిన ఫొటోలు నా దగ్గర ఒక కవర్లో ఉన్నాయి. 1984 నుంచి 1990 దాకా. వాటి నిండా ఎడ్లే, మనుషులే అంచున ఉన్నారు. మీ ఊరి పేరు, రాముడి గుర్తులు ఏవైనా అమ్మగారికి గుర్తుంటే నాకు మెసేజ్ పెట్టండి. ఈ రాత్రి భూతద్దం పెట్టుకుని కూర్చుంటాను.

పాతపెట్టె | ఆదివారం, సాయంత్రం 4:22

డాక్టరు గారూ, అమ్మ పక్కనే ఉంది. రాముడి కుడి చెవికి చిన్న కోత ఉండేదట, వేపాకంత. మెసేజ్ పెడుతున్నాను.